పసివారి భయమునకు ఆటవైద్యము

ఉదయగిరి కొండక్రింది పల్లెలలోగాని, ఆత్మకూరు సీమలో పెన్న యొడ్డునగాని, అరుగులపై గుజ్జనగూళ్ళు వండుకొను పిల్లలను చూడని వారుండరు. ఇసుక అన్నమగును, ఆకు విస్తరియగును. తల్లి కసరిన మాటలే కొంతసేపటికి బొమ్మపై కురియును. పెద్దలమగు మనము నవ్వి ఊరకుందుము. పిల్లలు తాము చూచినదానిని, పడినదానిని ఆటలో మరల నడిపించుచు అర్థము చేసికొందురని మనస్తత్వవేత్తలు చెప్పుదురు. ఆటవైద్యమునకు మూలమిదియే.

2021 నవంబరులో పెన్నకు పెనువరద వచ్చి, సోమశిలకు దిగువనున్న పల్లెలను ముంచినది. అట్టి రాత్రి మిద్దెపై గడిపిన అయిదేండ్ల పిల్లవాని నొకనిని ఊహింతము. నీరు తీసినది, ఇల్లు కడిగినారు, బడి తెరచినారు. వాడు మాత్రము చినుకు పడినంతనే తల్లి కొంగు వదలడు. ఎన్నడో మానిన పక్కతడుపు మరల మొదలైనది. ఏమైనదిరా అని అడిగిన చెప్పలేడు. అంత భయమునకు తగిన మాటలు ఆ వయసున ఉండవు. ఇంటివారు దడుసుకొన్నాడని తాయెత్తు కట్టుదురు. తాయెత్తును మేము నిందింపము. తల్లి ధైర్యపడినచో బిడ్డకును కొంత మేలే. దానితో పని తీరినదనుకొనుటయే చిక్కు.

1929లో లండనులో మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అను వైద్యురాలు పిల్లలకు ఇసుక పళ్ళెమును, చిన్నచిన్న ఇండ్లు, మనుష్యులు, జంతువుల బొమ్మలను ఇచ్చెను. వానితో తాము కట్టినదానిని పిల్లలు 'లోకము' అని పిలిచిరి. 1947లో అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ ఈ పనికి నియమములు కూర్చి గ్రంథము వెలువరించెను. ఆమె మతమున బిడ్డ ముందు నడువవలెను, వైద్యురాలు వెంట పోవలెను.

గదిలో జరుగునది చూచుటకు మిక్కిలి సామాన్యము. సాధారణముగా వారమున కొకసారి, అదే వేళకు, అవే బొమ్మలు. ఒక్క రాత్రిలో లోకము తలక్రిందులైన బిడ్డకు ఈ మార్పులేమియే మొదటి మందు. మన పిల్లవాడు ఇసుకలో ఇల్లు కట్టి చెంబెడు నీళ్ళు కుమ్మరించును. వైద్యురాలు వలదనదు, భయమేమియు లేదని బుజ్జగింపదు. "ఇల్లు మునిగిపోయింది. లోపలివాళ్ళకు భయమేసింది" అని, తాను చూచినదానిని మాటలలో పెట్టును. తన్ను తాను కొట్టుకొనబోయిన మాత్రము ఆపును. కొన్ని వారములకు ఇల్లు మునిగినను, ఎక్కడనుండియో ఒక పడవ రావచ్చును. ఆ పడవను తెచ్చినవాడు పిల్లవాడే కావలెను.

పడవ రాని ఆటలును కలవు. 1976లో కాలిఫోర్నియాలో చౌచిల్లా అను ఊర 26 మంది బడిపిల్లలను బస్సుతో సహా దుండగులు అపహరించిరి. తరువాత ఆ పిల్లలను పరిశీలించిన లెనోర్ టెర్ అను మానసిక వైద్యురాలు, కొందరు ఆ ఘోరమునే సంతోషము లేక, మార్పు లేక మరల మరల ఆడుచుండుటను గుర్తించినది. అట్టి ఆట బిడ్డను తేలికపరుపదు. అప్పుడు వైద్యురాలు వెంట నడచుట చాలించి, "వీళ్ళకు సాయం ఎవరొస్తారు?" అని మెల్లగా త్రోవ చూపును.

ఇంటివారికి మా మనవి యొకటి. చుట్టము వచ్చినప్పుడెల్ల ఆ రాత్రి కథ చెప్పుమని బిడ్డను నిలువబెట్టకుడు. వేళకు అన్నము, నిద్ర, పోట్లాటలేని అరగంట ఆట చాలును. ఖరీదైన బొమ్మలు అక్కరలేదు; ఉదయగిరి చెక్కచెంచాలు రెండింటికి గుడ్డపీలికలు చుట్టిన తల్లియు బిడ్డయు తయారగుదురు. బిడ్డ తనపై ఎవరేని అఘాయిత్యము చేసినారని చెప్పినచో నమ్ముడు, గుచ్చిగుచ్చి ప్రశ్నింపకుడు. 2012 నాటి చట్టము ప్రకారము దానిని అధికారులకు తెలుపుట విధి. పిల్లల సహాయమునకు 1098 అను టెలిఫోను సంఖ్య కలదు.

నెల గడచినను భయము, నిద్రలేమి తగ్గనిచో నెల్లూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యులను చూడవచ్చును. అంతదూరము పోలేనివారు 2022లో ఆరంభమైన టెలి మానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.