ఏకోదర జీవుల దాణా: ప్రేగుల ఆరోగ్యము

తమిళనాట నామక్కల్ ప్రాంతము కోడిగ్రుడ్లకు ప్రసిద్ధము. ఈ రాష్ట్రమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో కోళ్ళ పెంపకమును నమ్ముకొన్నవారును గలరు. ఒకనాడు మా తరగతి బాలుడొకడు దాణాసంచికి అంటించిన ఆంగ్లపు చీటిని తెచ్చి, “అయ్యవారూ, దీంట్లో ఏముందో మా నాయన అడిగి రమ్మన్నాడు” అనెను. ఆ ప్రశ్నకు తెలుగున సమాధానము చెప్పుటయే యీ వ్యాసోద్దేశము.

ఆవు, గొఱ్ఱె మొదలగు నెమరువేయు జంతువుల కడుపునకు నాలుగు అరలు గలవు. వానిలో పెద్ద అరయందు సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి ఆహారముగా మార్చును. పందికి, కోడికి అట్టి అర లేదు; కావున నివి ఏకోదర జీవులు. అయినను వీని ప్రేగులలోను సూక్ష్మజీవులు గలవు. అందు మేలుచేయునవి ప్రేగుగోడను కాపాడి, కీడుచేయువానికి చోటీయవు. మేత మారినను, నీరు చెడినను ఆ సమతూకము తప్పి, పారుడు పుట్టును.

1950 ప్రాంతమున అమెరికాలో స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అను శాస్త్రజ్ఞులు ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పదార్థమును మేపగా కోడిపిల్లలు త్వరగా ఎదుగుటను గుర్తించిరి. నాటినుండి యాంటీబయాటిక్కులను కొద్దికొద్దిగా దాణాలో కలుపు వాడుక ప్రబలెను. కాని అల్పమోతాదునకు క్రిములన్నియు చావవు. మందును తట్టుకొన్నవి మిగిలి, వృద్ధిపొంది, మనుష్యులకును సోకగలవు. అందుచేత ఎదుగుదలకై వీనిని కలుపుటను 1986లో స్వీడన్, 2006లో ఐరోపా సమాఖ్య నిషేధించినవి. ఇతర మందులు పనిచేయనప్పుడు రోగులకిచ్చు కొలిస్టిన్‌ను ఆహారమునకై పెంచు జంతువులకు వాడరాదని మన కేంద్రప్రభుత్వము 2019లో శాసించెను.

మఱి వీనికి బదులేమి? తవుడు, మొక్కజొన్నలలోని భాస్వరము చాలవఱకు ఫైటిక్ ఆమ్లముతో ముడిపడియుండును. ఫైటేజ్ అను ఎంజైము ఆ ముడిని విప్పి, భాస్వరమును ఒంటికి పట్టించును. ఫార్మిక్, ప్రొపియోనిక్ ఆమ్లములు చెడుక్రిములను అణచును. ప్రొబయోటిక్కులనగా మేలుచేయు సూక్ష్మజీవులే. మన పెరుగును తోడుపెట్టు లాక్టోబాసిల్లస్ వంటివి వానిలోనివి. ప్రిబయోటిక్కులు ఆ జీవులకు మేత.

అయితే ఇవి ఏవియు శుభ్రమైన నీటికి, పొడినేలకు, బూజుపట్టని గింజలకు బదులు కాజాలవు. కావున పెంపకందారులు ముందుగా వీనిని చక్కదిద్దుకొనవలెను. పిదప సంచిపై చీటిని చదివించుకొని, యాంటీబయాటిక్ పేరు కనబడినచో పశువైద్యుని అడుగక వాడరాదు. నేడు కోడి ఎదుగుదలకై వృథా చేసిన మందు, రేపు మన బిడ్డ జ్వరమునకు పనిచేయకపోవచ్చును.