షుగర్ నిర్ధారణకు ఎన్ని పరీక్షలు కావాలి?

కిందటేడు మాకు పరిచయమున్న ఒక జనరల్ మజ్దూర్ గోదావరిఖనిలోని మా ఇంటికి రెండు పేజీల రిపోర్టు పట్టుకొని వచ్చారు. "మాస్టర్ సాబ్, షకర్ వచ్చిందంటున్నారు, చదివి చెప్పండి" అన్నారు. ఇన్సులిన్, విటమిన్లు, థైరాయిడ్... అన్నీ అందులో ఉన్నాయి. పరగడుపు షుగర్ 131. నైట్ షిఫ్టు దిగి నేరుగా రక్తమిచ్చారట. రాత్రి మూడింటికి గనిలో టీ, బిస్కెట్లు తీసుకున్నారట. ఇక అది పరగడుపు ఎలా అవుతుంది? డాక్టరు సలహాపై సెలవు రోజున మళ్ళీ చూపిస్తే 94 వచ్చింది.

మాటల్లో ఆయనే మరో విషయం చెప్పారు: "మా ఇంట్లో ఆమెకు మాత్రం ఎప్పుడూ దాహమే. కాలి పుండు రెండు నెలలుగా మానడం లేదు." ఆమెకు ఒక్క పరీక్షా చేయించలేదు. చేయిస్తే పరగడుపునే 168. డబ్బు ఖర్చయింది ఒకరికి, జబ్బు ఉన్నది మరొకరికి!

షుగర్ వ్యాధిని తేల్చడానికి పెద్ద ప్యాకేజీలు అవసరం లేదు. పనికివచ్చే పరీక్షలు నాలుగే. వాటిలోనూ సాధారణంగా ఒకటి రెండు చాలు.

మొదటిది పరగడుపు పరీక్ష. కనీసం 8 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోరాదు. 126 లేదా అంతకు మించితే షుగర్ అని అర్థం. రెండవది, 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగి 2 గంటల తర్వాత చేసేది. ఇందులో హద్దు 200. మూడవది హెచ్‌బీఏ1సీ. ఇది సుమారు మూడు నెలల సగటును చెబుతుంది. 6.5 శాతం దాటకూడదు, ఆ అంకె వచ్చినా వ్యాధి కిందే లెక్క. దీనికి పరగడుపు అవసరం లేదు గనుక షిఫ్టుల వారికి వీలుగా ఉంటుంది. కాని రక్తహీనత ఉన్నవారికి, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవారికి ఇది తప్పు లెక్క చూపవచ్చు. మన ఆడవారిలో రక్తహీనత ఎక్కువ. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. నాలుగవది ఏ వేళనైనా చేసేది. అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలుండి 200 దాటితే అదే చాలు, చికిత్సకు ఆలస్యం చేయరాదు.

లక్షణాలేవీ లేకుంటే మాత్రం ఒక్క అంకె చూసి నిర్ణయించరాదు. మరో రోజు అదే పరీక్ష గాని, వేరే పరీక్ష గాని చేసి ఖాయం చేసుకోవాలి. శిబిరాల్లో వేలు గుచ్చి చూసేది అనుమానం తెలపడానికే. తీర్పు చెప్పవలసింది ల్యాబులో సిర నుంచి తీసిన రక్తమే. మూత్ర పరీక్షతో సరిపెట్టుకోరాదు. మూత్రపిండాలు, కళ్ళు, కొలెస్ట్రాల్ పరీక్షలు అవసరమే, కాని వ్యాధి ఉందని తేలిన తర్వాత.

గర్భిణుల సంగతి వేరు. వారికి మొదటిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడూ, మళ్ళీ 24-28 వారాల మధ్యనూ 75 గ్రాముల గ్లూకోజు ఇచ్చి 2 గంటలకు చూస్తారు. అక్కడ 140 వచ్చినా జాగ్రత్తపడాలి.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం తెలిపింది. గని కార్మికుణ్ణి పీఎంఈకి కంపెనీ పిలుస్తుంది. బేగం సాహెబాను పిలిచేదెవరు? ఆ పిలుపు ఇంటి నుంచే రావాలి. ముప్పై దాటినవారు, తల్లిదండ్రుల్లో షుగర్ ఉన్నవారు, బరువు, బీపీ ఎక్కువున్నవారు, కాన్పు సమయంలో షుగర్ వచ్చినవారు ముందుగా చూపించుకోవాలి.

ఈసారి సెలవు రోజున ఆస్పత్రికి ఒక్కరే వెళ్ళకండి. ఇంట్లో అందరికీ వండిపెట్టి, చివర తినే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.