సింహం కూనకు పాలు పట్టడానికి లక్ష రూపాయలా?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు అడగ్గానే నాకు మన హాస్టల్ కుర్రాడొకడు గుర్తొచ్చాడు. డిగ్రీలో జువాలజీ చదువుతున్నాడు. సెల్‌ఫోన్‌లో ఒక ప్రకటన చూపించి, "అన్నయ్య గారూ, దక్షిణాఫ్రికాలో వన్యప్రాణుల సంరక్షణకు వాలంటీర్లు కావాలటండి. రెండు వారాలు సింహం కూనలకు పాలు పట్టాలట. సర్టిఫికెట్టు కూడా ఇస్తారట. జీతం ఎంత ఉండొచ్చండి?" అన్నాడు. జీతం కాదురా, నువ్వే కట్టాలి అంటే ముందు నమ్మలేదు. పూర్తిగా చదువుకుని వారం తర్వాత మళ్లీ వచ్చాడు. "అమ్మ డ్వాక్రాలో లోను తీస్తానందండి" అన్నాడు. ఆ మాటకే ఈ వ్యాసం.

విదేశాల్లో వాలంటీరు పని అంటే చాలావరకు డబ్బు కట్టి చేసే పని. కంపెనీలు వారాల లెక్కన రుసుము తీసుకుంటాయి. అందులో బస, భోజనం, అక్కడ తిరిగే వాహనం ఉంటాయి. రెండు వారాలకు లక్ష రూపాయలు దాటడం మామూలే. విమానం టికెట్టు, వీసా, బీమా వేరు. కెన్యా వంటి దేశాలకైతే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోవాలి. పర్యాటక వీసా మీద వెళ్లి పని చేస్తే కుదరని చోట్లు కూడా ఉన్నాయి. టాంజానియాలో జీతం లేని వాలంటీరుకైనా వేరే అనుమతి ఉండాలి. ఈ సంగతులు ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించవు.

అలాగని అన్నీ మోసం అనను. కెమెరాలు పెట్టి జంతువులను లెక్కించడం, వేటగాళ్లు పన్నిన ఉచ్చులు ఏరివేయడం, అడవిలో కలుపు జాతి మొక్కలు పీకడం లాంటి పనులు నిజంగానే జరిగే చోట్లు ఉన్నాయి. కానీ మనవాడు చూపించిన పని అలాంటిది కాదు.

కూన తల్లి దగ్గర ఉండాలి కదా? మనిషి చేతికి ఎందుకొచ్చింది? దక్షిణాఫ్రికాలో సింహాలను కంచెల్లో పెంచే ఫారాలు చాలా ఉన్నాయి. వేల సింహాలు అలా బతుకుతున్నాయి. పుట్టిన కొద్ది రోజులకే కూనను తల్లి నుంచి వేరు చేస్తారు. దాంతో తల్లి త్వరగా మళ్లీ ఈనుతుంది. కూనను అనాథ అని చెప్పి వాలంటీర్ల చేత పాలు పట్టిస్తారు, పర్యాటకుల చేత ఫొటోలు దిగనిస్తారు. మనుషులకు మరిగిన సింహం మళ్లీ అడవిలో బతకలేదు. పెద్దదయ్యాక డబ్బు కట్టిన వేటగాడు తప్పించుకునే దారిలేని ఆవరణలో దాన్ని కాల్చేస్తాడు. ఎముకలు ఆసియా దేశాలకు అమ్ముడుపోతూ వచ్చాయి. 2015లో 'బ్లడ్ లయన్స్' అనే డాక్యుమెంటరీ దీన్ని ప్రపంచానికి చూపించింది. ఈ వ్యాపారాన్ని ఆపే దిశగా వెళతామని దక్షిణాఫ్రికా ప్రభుత్వం 2021 మే నెలలో ప్రకటించింది. అంటే మన అమ్మ తెచ్చిన అప్పు ఆ కంచె ఖర్చులోకి పోతుందన్నమాట. అడవి జంతువును ఎత్తుకోనిస్తాం, ముద్దాడనిస్తాం అని ఎవరు చెప్పినా అది సంరక్షణ కాదని అనుకోండి. నేను పెట్టుకున్న గీత అదొక్కటే.

ఇక మన ఊరి సంగతి. యానాం నుంచి కాకినాడ బస్సెక్కితే కుడి పక్కన కనిపించే మడ అడవి కోరింగ అభయారణ్యానిది. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్ల మధ్య నీటిపిల్లి తిరుగుతుంది. ఇంట్లో పిల్లికి రెట్టింపు ఉంటుంది, కాలివేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది, నీళ్లలోకి దూకి చేపను పడుతుంది. సింహం లాగే ఇదీ అంతరించే ముప్పున్న జాబితాలోదే. దీన్ని చూడ్డానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. కాకపోతే రాత్రి తిరిగే జంతువు కాబట్టి మనలో చాలామందిమి ఇక్కడే పుట్టి పెరిగినా చూడలేదు. నేనూ చూడలేదు.

తాబేళ్ల కథ ఇంకా దగ్గరిది. ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి ఇసుకలో గుంట తవ్వి ఒక్కొక్కటి వంద గుడ్ల దాకా పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయి. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. ట్రాలర్ వలలో చిక్కితే రాలేదు, నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఒడ్డున మనం చూసే కళేబరాల్లో చాలావాటి కథ ఇదే. వలలో అమర్చే 'టెడ్' అనే పరికరం తాబేలును బయటికి వదిలి రొయ్యను ఉంచుతుంది. మన ట్రాలర్లలో అది లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. కాబట్టి తాబేలు చావు మత్స్యకారుడి జేబుకూ తగిలింది.

ఇక్కడ వాలంటీరు చేసే పని రాత్రి నడక. చెన్నైలో విద్యార్థులు 1988 నుంచి ఒక బృందంగా ఈ పని చేస్తున్నారు. తీరం వెంట నడిచి, తాబేలు పాకిన జాడ పట్టుకుని, గుడ్లను కొద్ది గంటల్లోనే హేచరీకి చేరుస్తారు. ఆలస్యమైనా, గుడ్డును తిప్పినా లోపలి పిండం చనిపోతుంది. పిల్లలు వెలుగు వైపు పాకుతాయి కనుక తెల్లటి టార్చి వేయకూడదు, ఎర్ర కాగితం చుట్టాలి. మన రాష్ట్రంలో ఈ పని అటవీ శాఖ అనుమతితోనే చెయ్యాలి. తాబేలు మొదటి షెడ్యూలు ప్రాణి, సొంతంగా గుడ్లు ముట్టుకుంటే కేసవుతుంది. యానాం పుదుచ్చేరి కిందిదైనా అభయారణ్యం ఆంధ్రప్రదేశ్‌ది, కనుక దరఖాస్తు ఆ శాఖకే పెట్టాలి. కాలేజీ ప్రిన్సిపాల్ గారి ఉత్తరం జత చేయండి. జనవరికి ముందే అడగండి.

ఆఫ్రికా వద్దని కాదు. వెళ్లే దారి వేరే ఉంది. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 1982 నుంచి ఈ శాస్త్రంలో పనిచేస్తోంది, అక్కడ ఎమ్మెస్సీ చేయొచ్చు. షెడ్యూల్డు కులాలు, సంచార జాతులు, భూమి లేని వ్యవసాయ కూలీల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది. విదేశాల్లో మాస్టర్స్, పీహెచ్‌డీలకు ఫీజు, నివాస ఖర్చు, విమానం టికెట్టు అందులోనే వస్తాయి. అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. మన హాస్టల్లో ఈ పేరు విన్నవాళ్లే తక్కువ.

ఆ కుర్రాడి అమ్మగారు లోను తీయలేదు. వాడు ఇప్పుడు నోటుబుక్కులో మడ చెట్ల పేర్లు రాసుకుంటున్నాడు, 21 అయ్యాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని వాళ్ల తాతయ్య చెప్పారట, అది కూడా రాసుకున్నాడు.