కొత్తగా పరిచిన తాండూరు బండల మీద నీళ్లు నిలుస్తున్నాయా?

ఈ ఎపిసోడ్‌లో మా ఇంట్లో జరిగిన పొరపాటు గురించే మాట్లాడుకుందాం.

పోయిన వేసవిలో పెరట్లో తాండూరు బండలు వేయించాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. తీరా మొదటి వాన పడగానే వంటింటి గుమ్మం ముందే మడుగు కట్టింది. రెండు రోజులైనా ఆరలేదు. మూడో రోజు మా అమ్మ అక్కడే కాలు జారింది. అదృష్టం, దెబ్బ తగల్లేదు. అప్పుడుగానీ నేను లెవెల్ పెట్టి చూడలేదు.

"రాయి కదా సార్, నీళ్లు పీల్చేసుకుంటుంది" అన్నాడు మేస్త్రీ. అది నిజం కాదండీ. తాండూరు బండ గట్టి సున్నపురాయి. వాన నీళ్లు అందులోంచి కిందికి దిగిపోవు. సందుల్లో సిమెంటు నింపాక అక్కడా దారి ఉండదు. కాబట్టి నీళ్లు పోవాల్సింది వాటం మీదే.

మరి ఎంత వాటం ఉండాలి? గరుకు బండలైతే 10 అడుగులకు 2 అంగుళాలు, పాలిష్ బండలైతే అంగుళంన్నర. అదీ ఎప్పుడూ ఇంటి గోడ నుంచి బయటివైపుకే. మా పెరట్లో కొలిస్తే 10 అడుగులకు అర అంగుళమే ఉంది, అదీ ఇంటివైపుకి!

మీరూ చూసుకోవచ్చు. గోడ దగ్గర రెండు బకెట్ల నీళ్లు పోయండి. గంట తర్వాత ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీయండి. తర్వాత ఒక్కో బండనీ రూపాయి బిళ్లతో తట్టండి. డొల్లగా మోగితే కింద మాలు నిండలేదన్నమాట. నాలుగు మూలలా ముద్దలు పెట్టి బండ పరిస్తే ఇదే గతి. ఆ ఖాళీలో నీళ్లు చేరతాయి, పైకి తెల్లగా ఉప్పు పూస్తుంది, కొన్నాళ్లకి బండ కదులుతుంది.

ఇక మరమ్మతు. ఒకటి రెండు బండలే కుంగితే వాటిని లేపి, అడుగంతా మాలు నింపి మళ్లీ పరిస్తే సరిపోతుంది. మొత్తం వాటమే తప్పితే తీసి వేయాల్సిందే. పైన సిమెంటు పూస్తే నిలవదు, ఊడిపోతుంది. మధ్యలో జాలీ పెడదామంటారు. జాలీవైపు వాటం లేనప్పుడు నీళ్లు అక్కడికి ఎలా వస్తాయండీ? మాకు మొత్తం తీసే స్తోమత లేక, గోడ వెంట ఒక వరస బండలు తీయించి, సన్న కాలువ కట్టించి, బయటి మోరీలో కలిపాం. ఇప్పుడు గుమ్మం పొడిగా ఉంది.

ఇంకోమాట. సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోయనివ్వకండి. సున్నపురాయిని అది తినేస్తుంది.

చివరి వాయిదా డబ్బు ఇచ్చేముందు, మేస్త్రీని పక్కన నిలబెట్టుకుని ఆ రెండు బకెట్ల నీళ్లూ పోయండి. నేను చేయని పని అదే. ఉంటానండీ, నమస్కారం.