వున్న వూరు విడువని ఆటగాడు

మా ఆఫీసులో నెలనెలా జీతాల పట్టీ తయారు చేసే పని నాది. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఇప్పుడు జీతాలు నేరుగా బ్యాంకులో పడుతున్నవి గాని, పట్టీ మాత్రం తప్పలేదు. ఈ ఇరవై ఏళ్ళలో నాకు బోధపడిన సంగతి ఒకటున్నది. తన జీతం తక్కువైతే మనిషి ఎట్లాగో సర్దుకుంటాడు. పక్క కుర్చీలో కూర్చుని అదే పని చేసేవాడికి తనకంటె ఎక్కువ వస్తున్నదని తెలిసిననాడు మాత్రం అన్నం సహించదు.

ఈ మాట ఇక్కడ ఎందుకు ఎత్తవలసి వచ్చిందో చెబుతాను. మా మేనల్లుడు ఫుట్‌బాలు పిచ్చివాడు. ఏ ఆటగాణ్ణి ఏ క్లబ్బు ఎన్ని కోట్లకు కొన్నదో వాడి నాలుక చివర వుంటుంది. మొన్న ఒక ఆదివారం భోజనాల దగ్గర, “మామయ్యా, ఇంత డబ్బు ఇస్తామంటే వద్దన్నవాడు ఎవడైనా వున్నాడా?” అని అడిగాడు. వున్నాడు. అతని పేరు జిమ్మీ మెక్‌గ్రోరీ. స్కాట్లండు దేశస్థుడు. నా చిన్నతనం నుంచి ఆటల పుస్తకాలు ఎక్కడ దొరికినా చదివే అలవాటు కనుక అతని కథ నాకు తెలుసు. మేనల్లుడికి చెప్పిన ఆ కథే పాఠకులకూ చెబుతున్నాను.

మెక్‌గ్రోరీ 1904 ఏప్రిల్ 26న గ్లాస్గో నగరంలో గార్న్‌గాడ్ అనే పేటలో పుట్టాడు. ఫ్యాక్టరీ పొగల మధ్య ఇరుకు ఇండ్లలో బీదవారు కాపురముండే పేట అది. తల్లిదండ్రులు ఐర్లండు నుండి వచ్చి అక్కడ స్థిరపడినవారు. ఆ రోజులలో గ్లాస్గోలో ఐరిష్ వారు వేలాది మంది వుండేవారు. స్వదేశంలో తిండికి జరుగుబాటు లేక పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటి వచ్చిన వారు, వారి పిల్లలు. భాష యాస వేరు, మతశాఖ వేరు. పని దొరికినా గౌరవం దొరకడం కష్టం. తాతల నాడు వేరే సీమకు వచ్చి నిలదొక్కుకున్న మనబోటి కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఐరిష్ వారు నడుపుకున్న క్లబ్బే సెల్టిక్. బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే మతసేవకుడు బడి నడుపుతూ, ఆకలితో బడికి వచ్చే పిల్లలను చూడలేక, 1887లో ఈ క్లబ్బు స్థాపనకు పూనుకున్నాడు. ఆట చూడవచ్చే వారి దగ్గర వసూలయ్యే డబ్బుతో బీదపిల్లలకు భోజనం పెట్టవలెనని ఆయన ఉద్దేశం. అందుచేత ఆ జట్టు ఆకుపచ్చ, తెలుపు చారల చొక్కా వారికి ఒట్టి ఆట దుస్తు కాదు. పరాయి వూళ్ళో తమకంటూ ఒక చావడి అని చెప్పాలి.

ఆ చొక్కా 1922లో, పద్ధెనిమిదేళ్ళ వయస్సులో, మెక్‌గ్రోరీకి దక్కింది. మొదటి ఆట 1923 జనవరిలో ఆడాడు. ఆ మరుసటి సీజనుకు క్లబ్బువారు అతణ్ణి క్లైడ్‌బ్యాంక్ అనే మరొక జట్టుకు ఎరువు ఇచ్చారు. కుర్రవాడు అక్కడినుంచి వచ్చి సొంత క్లబ్బు సెల్టిక్ మీదనే గోలు వేశాడు. ఇక అతణ్ణి తిరిగి పిలిపించక తప్పలేదు.

మనిషి ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. సెంటర్ ఫార్వర్డు అంటే తాటిచెట్టులాంటి వాడు వుండాలని అనుకునే రోజులలో ఇది ఎత్తే కాదు. అయితే భుజాలు వెడల్పు, మెడ బలం. తలతో బంతిని కొట్టడంలో అతనికి సమానులు లేరనేవారు. ఆనాటి బంతి ఈనాటి బంతి వంటిది కాదు. దళసరి తోలుతో కుట్టినది. వాన పడితే నీరు పీల్చి రాయిలాగ బరువెక్కేది. అటువంటి బంతి నేలకు రెండడుగుల ఎత్తున వస్తున్నా, మెక్‌గ్రోరీ కాలు ఎత్తేవాడు కాదు. చేప నీళ్ళలో దూకినట్టు ముందుకు దూకి తలతోనే పొడిచేవాడు. 1925 స్కాటిష్ కప్పు చివరి పోటీలో డండీ జట్టు మీద ఆట ముగియబోతూ వుండగా అట్లా దూకే గెలుపు గోలు వేశాడు. పత్రికలవారు అతణ్ణి ‘మానవ టార్పెడో’ అన్నారు.

ఇక అంకెల సంగతి. గుమాస్తాను కనుక అంకెలు తప్పకుండా చూస్తాను. సెల్టిక్ తరఫున లీగు ఆటలు 378, గోల్సు 395. క్లైడ్‌బ్యాంక్ తరఫున ఆటలు 30, గోల్సు 13. రెండూ కూడండి: ఆటలు 408, గోల్సు 408. ఆటకొక గోలు చొప్పున పైసా తేడా లేకుండా లెక్క సరిపోయింది! కప్పు పోటీలు మొదలైనవన్నీ కలిపితే మొదటి తరగతి ఆటలలో అతని గోల్సు 550. బ్రిటనులో మరెవ్వరూ ఆ అంకెను అందుకోలేదు. 1928 జనవరి 14న డన్‌ఫర్మ్‌లిన్ జట్టు మీద సెల్టిక్ 9 గోల్సు వేసి గెలిస్తే, అందులో 8 మెక్‌గ్రోరీవే. 1935-36 సీజనులో, ముప్పై రెండేళ్ళు నిండబోతున్న వయస్సులో, లీగులో 50 గోల్సు వేసి క్లబ్బుకు చాంపియను పదవి తెచ్చిపెట్టాడు. ఆ సీజనులోనే మదర్‌వెల్ జట్టు మీద మూడు నిమిషాలలో మూడు గోల్సు వేశాడు.

ఇప్పుడు అసలు కథకు వస్తాను.

ఒకే ఆటలో ఎనిమిది గోల్సు వేసిన ఆ 1928వ సంవత్సరం వేసవిలోనే ఈ ముచ్చట జరిగింది. లండనులోని ఆర్సెనల్ క్లబ్బుకు అప్పుడు హెర్బర్ట్ చాప్మన్ మేనేజరు. డబ్బు వెదజల్లి జట్టును కట్టుతున్న మనిషి. అతని కన్ను మెక్‌గ్రోరీ మీద పడింది. సెల్టిక్ వారికా డబ్బు అవసరం. మైదానంలో ప్రేక్షకులకు కొత్త కట్టడం కట్టించే ఆలోచనలో వున్నారు. పదివేల పౌన్ల మాట నడిచింది. అంతవరకు ఏ ఆటగాడికీ ఏ క్లబ్బూ అంత సొమ్ము ఇచ్చి వుండలేదు. యజమానులిద్దరూ ఒప్పుకున్నారు. మిగిలినదల్లా ఆటగాడి తల ఊపు.

సెల్టిక్ మేనేజరు విల్లీ మేలీ ఫ్రాన్సులోని లూర్ద్ పుణ్యక్షేత్రానికి యాత్ర పోతూ మెక్‌గ్రోరీని వెంట తీసుకువెళ్ళాడు. దారి లండను మీదుగా. రైలు దిగేసరికి చాప్మన్ సిద్ధంగా వున్నాడు! మెక్‌గ్రోరీ విన్నాడు, రానన్నాడు. యాత్ర ముగించుకుని తిరిగి వచ్చేటప్పుడు లండనులో మళ్ళీ చాప్మన్ ఎదురయ్యాడు. మళ్ళీ అదే మాట. తనకు సెల్టిక్ చాలునన్నాడు. తీర్థయాత్ర పేరుతో తన క్లబ్బువారే తనను బేరానికి తీసుకువచ్చారని గ్రహించి కూడా ఆ మాటే అన్నాడు. ఆ అక్టోబరులో ఆర్సెనల్ వారు డేవిడ్ జాక్ అనే మరొక ఆటగాణ్ణి 10,890 పౌన్లకు కొనుక్కున్నారు.

ఇంతవరకు విని మా మేనల్లుడు, “అయితే సెల్టిక్ వాళ్ళు అతణ్ణి నెత్తిన పెట్టుకుని వుంటారు” అన్నాడు. అదే జరగలేదు నాయనా! క్లబ్బు పెద్దలకు ఆ నిరాకరణ రుచించలేదు. చేతికి అందవలసిన పదివేలు జారిపోయినవి గదా. ఆ తరువాత మెక్‌గ్రోరీకి తోటి ఆటగాళ్ళకంటె తక్కువ జీతం ఇస్తూ వచ్చారు. ఆ సంగతి అతనికి తెలియనే తెలియదు. ఒకరి జీతం ఒకరు అడిగే అలవాటు లేని రోజులు. అందరికంటె ఎక్కువ గోల్సు వేసే మనిషి, అందరికంటె తక్కువ కవరు జేబులో పెట్టుకుని, సంతోషంగా ఇంటికి పోతూ వుండేవాడు. చాలా ఏళ్ళు గడిచిన తరువాత గాని నిజం బయటపడలేదు.

జీతాల పట్టీ వ్రాసేవాణ్ణి కనుక ఈ భాగం చదివినప్పుడల్లా నా మనస్సు కలుక్కుమంటుంది. ఆ పట్టీ వ్రాసిన గుమాస్తా ఎవరో! ప్రతి వారం ఆ వరుస దగ్గరకు వచ్చేసరికి అతని చెయ్యి ఒక్క క్షణమైనా ఆగలేదా అనిపిస్తుంది.

దేశపు జట్టులో కూడా అతనికి దక్కవలసినది దక్కలేదు. స్కాట్లండు తరఫున ఆడినవి 7 ఆటలు మాత్రమే. ఆ ఏడింటిలో 6 గోల్సు. అదే స్థానంలో హ్యూగీ గాలకర్ అనే మహా ఆటగాడు వుండడం ఒక కారణం. 1928 మార్చిలో లండనులోని వెంబ్లీ మైదానంలో స్కాట్లండు 5-1తో ఇంగ్లండును ఓడించిన ప్రఖ్యాతమైన జట్టులో మెక్‌గ్రోరీ లేడు. ఆ మైదానంలో దేశం కోసం ఆడే భాగ్యం అతనికి ఎన్నడూ కలగలేదు. కాని 1933 ఏప్రిల్ 1న గ్లాస్గోలోని హ్యాంప్డెన్ మైదానంలో అదే ఇంగ్లండు మీద అవకాశం ఇచ్చారు. చూడవచ్చినవారు 1,34,000 మందికి పైగా. స్కాట్లండు 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్సూ మెక్‌గ్రోరీవే. రెండవ గోలు పడ్డప్పుడు జనం చేసిన ఘోషకే ‘హ్యాంప్డెన్ గర్జన’ అనే పేరు వచ్చిందని నేటికీ చెప్పుకుంటారు.

మన దేశానికి సంబంధించిన ఒక చిన్న ముచ్చట కూడా ఇక్కడ చెప్పాలి. మెక్‌గ్రోరీ ఇంకా సెల్టిక్‌లో ఆడుతున్న 1936వ సంవత్సరంలోనే, కలకత్తా మహమ్మడన్ స్పోర్టింగ్ క్లబ్బు ఆటగాడు మహమ్మద్ సలీం ఆ క్లబ్బుకు వెళ్ళి, వారి రిజర్వు జట్టులో బూట్లు లేకుండా పాదాలకు కట్లు కట్టుకుని ఆడాడు. అక్కడి జనం ముక్కున వేలేసుకున్నారు. వుండమన్నారు. కాని ఇంటి మీద బెంగతో సలీం తిరిగి వచ్చేశాడు. వున్న వూరు కన్నతల్లి అన్నది ఒక్క భాషవారి సామెత కాదు కాబోలు!

1937 చివర మెక్‌గ్రోరీ ఆట మాని కిల్మార్నాక్ జట్టుకు మేనేజరుగా వెళ్ళాడు. నాలుగు నెలలు తిరగకుండానే 1938 స్కాటిష్ కప్పులో ఆ చిన్న జట్టు సెల్టిక్‌నే ఓడించి ఇంటికి పంపింది, చివరి పోటీ దాకా పోయింది. 1945లో సెల్టిక్ వారే ఆయనను మేనేజరుగా పిలిచారు. ఇరవై ఏళ్ళు చేశాడు. 1954లో లీగు, కప్పు రెండూ వచ్చినవి. 1957 లీగు కప్పు చివరి పోటీలో ఆగర్భశత్రువు రేంజర్స్‌ను 7-1తో ఓడించారు. కాని మొత్తం మీద చూస్తే ఓటముల కాలమే ఎక్కువ. జట్టులో ఎవరు ఆడాలో మేనేజరుకంటె క్లబ్బు అధ్యక్షుడే ఎక్కువగా నిర్ణయించేవాడని అందరూ ఎరిగినదే. పైపు నోట పెట్టుకుని, ఎవరినీ గట్టిగా ఒక మాట అనని ఆ మెత్తని మనిషి ఎదురు తిరగలేదు. ఆటలో సింహం, ఆఫీసులో సాధువు.

1965లో జాక్ స్టీన్‌ను మేనేజరుగా తీసుకువచ్చి, మెక్‌గ్రోరీకి క్లబ్బు వ్యవహారాలు బయటివారికి తెలియజేసే ఉద్యోగం ఇచ్చారు. దానికీ నొచ్చుకోలేదు. రెండేళ్ళకు, 1967 మే 25న, లిస్బన్ నగరంలో సెల్టిక్ జట్టు ఇటలీవారి ఇంటర్ మిలాన్‌ను 2-1తో ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. బ్రిటను జట్లలో అది మొట్టమొదటి గెలుపు. ఆ పదకొండుమందీ గ్లాస్గో చుట్టుపక్కల ముప్పై మైళ్ళలో పుట్టినవారే. అందులో చాలామంది మెక్‌గ్రోరీ మేనేజరుగా వున్నప్పుడు క్లబ్బులో చేరిన కుర్రవాళ్ళు. విత్తనం వేసిన చెయ్యి ఒకటి, కోత కోసిన చెయ్యి ఒకటి. 1982 అక్టోబరు 20న, డెబ్బై ఎనిమిదవ ఏట, ఆయన కాలధర్మం చెందాడు.

అంతా విని మేనల్లుడు, “ఇంతకీ అతను చేసింది తెలివైన పనేనా మామయ్యా?” అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పదేళ్ళ క్రిందట నాకు కూడా వేరే వూరిలో ఒక మెట్టు పైన ఉద్యోగం ఇస్తామన్నారు. అమ్మ ఈ బెంగుళూరు విడిచి రానన్నది. వీధి, గుడి, సంఘం, ఇరుగుపొరుగు కన్నడంవారు, అన్నీ ఇక్కడే. వెళ్ళలేదు. నా తరువాత చేరినవారు నన్ను దాటిపోయారు. ఆ పట్టీ నా చేత్తోనే వ్రాస్తున్నాను. విచారించిన రోజులు లేవనను. అయితే సాయంత్రం ఇంటికి వచ్చి మా వీధి మలుపు తిరిగినప్పుడు ఆ విచారం నిలవదు. మెక్‌గ్రోరీకీ అట్లాగే వుండి వుంటుంది. అతనికి తెలివి తక్కువ కాలేదు. తనకేది కావాలో తనకు తెలుసు. తప్పు చేసింది అతను కాదు. ఈ మనిషి ఎక్కడికీ పోడులే అని లెక్క కట్టి, ఆ నమ్మకం మీదనే కోత వేశారే, వారిది తప్పు.

ఆ తప్పు ఒక్క క్లబ్బు పెద్దలదే అనుకోవద్దు. మన ఇండ్లలోను, మన సంఘాలలోను కూడా అలాంటివారు ఒకరిద్దరు వుంటారు. ఉగాదికి తెల్లవారుజామున వచ్చి తాళం తీసేవారు, అందరూ వెళ్ళిన తరువాత కుర్చీలు మడిచేవారు. వాళ్ళెప్పుడూ వుంటారులే అని మనం వారి పేరైనా చదవము. ఈసారి లెక్కలు చూసేటప్పుడు, ఆ వరుస దగ్గర మన చెయ్యి ఒక్క క్షణం ఆగాలి.