గడ్డి పచ్చగానే ఉంది.. పాలే తగ్గాయి!

మా మూడు గేదెలూ కలిపి పూటకు పది లీటర్లు ఇచ్చేవి. పోయిన ఎండాకాలం దాటేసరికి అది ఏడుకు దిగింది. రెండు గేదెలు ఈని మూడు నెలలు కూడా కాలేదు. దాణా మార్చలేదు. విచిత్రం ఏంటంటే వెన్న శాతం తగ్గలేదు, పాలే తగ్గాయి. ‘‘గడ్డి నిలువెత్తు ఉంది కదరా, ఇంకేం కావాలి వాటికి?’’ అన్నాడు నాన్న.

అరెకరంలో సూపర్ నేపియర్. ఆరేళ్ల క్రితం యూట్యూబ్ చూసి, ‘ఒక్కసారి నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు’ అని కణుపులు తెచ్చి నాటింది నేనే. కాబట్టి తప్పు వెతకాల్సిందీ నేనే.

అసలు ఆ నిలువెత్తే మొదటి తప్పు. ఈ గడ్డి మొదటి కోత 70-75 రోజులకు, తర్వాత ప్రతి 40-45 రోజులకు కోయాలి. అప్పుడు మాంసకృత్తులు 8-10 శాతం దాకా ఉంటాయి. మూడు నెలలు వదిలేస్తే కాడ ముదిరి 5-6కు పడిపోతుంది. పశువు కడుపులోని సూక్ష్మజీవులకు మేతలో సుమారు 7 శాతమైనా ఉండాలి. లేకపోతే పొట్ట నిండుతుంది, పీచు సరిగా అరగదు. మేం ‘ఇంకాస్త పెరగనీ’ అంటూ పాల మీద దెబ్బ కొట్టుకున్నాం.

రెండోది మడి ముసలిదవడం. దుబ్బుల నడుమ బోలుగా అయిపోయింది, పిలకలు చుట్టూ అంచుకే వస్తున్నాయి. కింది ఆకుల అంచులు పసుపెక్కి ఎండుతున్నాయి. అది పొటాష్ లోపం గుర్తు. మేం ఆరేళ్లూ కోత కోతకూ చల్లింది యూరియా ఒక్కటే!

ఫోన్‌లో లెక్క వేశా. రోజుకు 80 కిలోల పచ్చిగడ్డి అంటే ఏడాదికి దాదాపు 30 టన్నులు. ఎండితే ఆరు టన్నులు. అందులో 2 శాతం పొటాషియం అనుకున్నా 120 కిలోలు. దాదాపు ఐదు బస్తాల మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో ఉండేంత, ప్రతి ఏడాదీ మడి దాటి పోతోంది. పోయి ఎక్కడ చేరుతోంది? పేడంతా టమాటా చేలోకి. పశువు తిన్న పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలో వచ్చేస్తుంది. అది మా కొట్టం కడిగిన నీళ్లతో నేరుగా రోడ్డు పక్క కాలువలోకి!

ముందు మట్టి పరీక్ష చేయించాం. పొటాష్ గుడ్డిగా గుమ్మరించినా చిక్కే, పశువుకు మెగ్నీషియం సరిగా అందదు. కొట్టం నీళ్లకు పైపు వేసి మడికి మళ్లించాం. సగం దుబ్బులు తవ్వేసి, పశువుల ఎరువు వేసి కొత్త పిలకలు నాటాం. గట్ల వెంట హెడ్జ్ లూసర్న్, సాళ్ల మధ్య అలసంద పెట్టాం. నేపియర్‌లోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. పప్పుజాతి మేత మాంసకృత్తులతో పాటు ఆ లోటూ కొంత పూడుస్తుంది.

ఇప్పుడు పూటకు తొమ్మిది లీటర్లు దాటుతున్నాయి. మిగతా సగం మడి ఈ వానలకు తవ్వాలి. 45వ రోజున కొడవలి తీస్తే మాత్రం నాన్న ఇప్పటికీ ‘‘ఇంకో వారం ఆగరాదూ’’ అంటూనే ఉన్నాడు.