కాపిటల్ చూసి ప్రాపర్ నౌన్ అనేస్తే ఎలా?

అపోహ: కాపిటల్ లెటర్ ఉంటే ప్రాపర్ నౌన్, లేకపోతే కామన్ నౌన్.

ఈ కిటుకు ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, వికారాబాద్‌లోనూ తాండూరులోనూ ట్యూషన్‌కు పోయే పిల్లల నోట మంత్రంలా పలుకుతోంది. మూడు సెకన్లలో జవాబు, మార్కు ఖాయం. నిజమే, ప్రశ్నలోని వాక్యాన్ని ఎవరో ముందే సరిగ్గా అచ్చు వేసి ఇచ్చినంతవరకు ఖాయమే. అదే వాక్యాన్ని మొత్తం చిన్న అక్షరాల్లో ఇచ్చి, కాపిటల్స్ ఎక్కడ రావాలో దిద్దమంటే పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంటారు. కాపిటల్ కనబడితే తప్ప పేరును గుర్తుపట్టలేరు, పేరును గుర్తుపడితే తప్ప కాపిటల్ పెట్టలేరు. కొందరు తెగించి, ముఖ్యం అనిపించిన ప్రతి మాటకూ పెట్టేస్తారు: రైతుకు, వానకు, మార్కెట్‌కు, జ్వరానికి. ఇక లీవ్ లెటర్ చూడాలి, సగం మాటలు తలలెత్తుకుని నిలబడి ఉంటాయి. ప్రభుత్వ బడుల్లోనూ 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం వచ్చింది కాబట్టి, ఇది ఫీజులు కట్టే ఇళ్ల తలనొప్పి మాత్రమే కాదు.

వికారాబాద్ జంక్షన్‌లో పసుపు రంగు బోర్డు ఒకసారి చూడండి. ఇంగ్లిష్‌లో ఊరి పేరంతా కాపిటల్సే, పక్కన జంక్షన్ అనడానికి వేసిన పొట్టి అక్షరాలూ కాపిటల్సే. అదే బోర్డు మీద తెలుగులోనూ హిందీలోనూ కాపిటల్ అన్నదే లేదు. అంటే వికారాబాద్ ఇంగ్లిష్‌లో ప్రాపర్ నౌన్, తెలుగులోకి రాగానే కామన్ నౌనా? బ్యాంకు ఫారంలో అన్నీ పెద్ద అక్షరాలే రాయిస్తారు. ఫోన్‌లో తాండూరును అన్నీ చిన్న అక్షరాలతోనే కొడతాం. ఊరు ఊరే, దాని పేరు పేరే.

జర్మన్ భాషలో కుర్చీ, కుక్క, వాన అన్న తేడా లేకుండా ప్రతి నౌన్‌కూ కాపిటల్ పెడతారు. రెండు మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లిష్ పుస్తకాల్లో మామూలు నౌన్లకు కూడా విరివిగా పెట్టేవారు. ఇవాళ్టి ఇంగ్లిష్‌లో ‘ఐ’ ఎప్పుడూ కాపిటలే, అది ప్రొనౌన్. ‘ఇండియన్ ఫుడ్’ అన్నప్పుడు ‘ఇండియన్’ కాపిటలే, అది అడ్జెక్టివ్. వాక్యం మొదటి మాట సంగతి చెప్పనే అక్కర్లేదు.

వాస్తవం ఏమిటంటే, పేరు ముందు, కాపిటల్ తర్వాత. ఆ తేడా మన పిల్లలకు బడికి రాకముందే తెలుసు. “నాయనమ్మ ఊరికి పోయింది” అంటే “ఏ ఊరికి?” అంటుంది మూడేళ్ల పిల్ల. “పరిగికి పోయింది” అంటే ఆ ప్రశ్న రాదు. కాపిటల్సే లేని భాషలో పుట్టి, పేరుకూ మామూలు మాటకూ తేడా పట్టేసిన పిల్లకు, అక్షరం సైజు చూసి చెప్పమని నేర్పుతున్నాం.

ఒకే మాట రెండు వేషాలూ వేస్తుంది, కిటుకు పూర్తిగా చేతులెత్తేసేది ఇక్కడే. అనంతగిరి కొండల్లో పుట్టే నదిని ‘మూసీ రివర్’ అని పూర్తి పేరుతో రాస్తే ‘రివర్’కూ పెద్ద ఆర్ వస్తుంది. తర్వాతి వాక్యంలో ఉత్త ‘ది రివర్’ అంటే చిన్న ఆర్ చాలు. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది. నమోదైన పేరుగా ‘తాండూర్ రెడ్‌గ్రామ్’ రాస్తే రెండు మాటలకూ కాపిటల్. మార్కెట్ యార్డులో కాంటా మీదికెక్కిన కందులు మాత్రం చిన్న ఆర్‌తో రెడ్‌గ్రామే, ధర ఎంత పలికినా సరే. నాపరాయి కథ ఇంకోటి. తాండూరులో తవ్విన బండను కూడా షాబాద్ బండ అనేవాళ్లున్నారు. కర్ణాటకలోని ఊరి పేరు ఒక రకం రాయికి మామూలు మాట అయిపోయింది, మనం ఏ కంపెనీ నీళ్ల సీసానైనా బిస్లెరీ అన్నట్టే.

మిగతావి త్వరగా తేల్చేద్దాం. ప్రాపర్ నౌన్‌కు ‘ది’ రాదంటారు; ‘ది మూసీ’, ‘ది కాగ్నా’, ‘ది డెక్కన్’ అన్నింటికీ వస్తుంది, ఉత్త తాండూరుకు రాదు. బహువచనం ఉండదంటారు, క్లాసులో ముగ్గురు అనితలుంటే ఏం చేస్తారో మరి. లోకంలో ఒక్కటే ఉంటే ప్రాపర్ నౌన్ అంటారు; సూర్యుడు ఒక్కడే అయినా ఇంగ్లిష్‌లో మామూలుగా చిన్న ఎస్‌తోనే రాస్తారు. తాండూర్లేమో మన రాష్ట్రంలోనే రెండు, మంచిర్యాల జిల్లాలో ఒక మండలానికీ అదే పేరు. రెండూ ప్రాపర్ నౌన్లే.

గౌరవం కోసం కాపిటల్ పెట్టాలన్న నమ్మకం మీద మాత్రం కొంచెం తగ్గక తప్పదు. వ్యాకరణం లెక్కన ‘కలెక్టర్’ కామన్ నౌనే, జిల్లాకొకరుంటారు. కానీ మన ఆఫీసుల్లో ‘ది డిస్ట్రిక్ట్ కలెక్టర్, వికారాబాద్’ అని హోదాకు కాపిటల్స్ పెట్టే రాస్తారు. దరఖాస్తులో మీరూ అలాగే రాయండి, దాని కోసం కొట్లాడొద్దు. వ్యాసంలో ‘మా నాన్న కలెక్టర్‌ను కలిశాడు’ అని రాసేటప్పుడు మాత్రం చిన్న సీ వాడండి.

ట్యూషన్ చెప్పేవాళ్లు చేయాల్సిన పని చిన్నదే: అభ్యాసానికి ఇచ్చే వాక్యాల్లోంచి కాపిటల్స్ తీసేసి ఇవ్వండి. ఇంట్లోనైతే సర్కారు బడి ద్విభాషా సోషల్ పుస్తకం తీయండి, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంగ్లిష్ పేజీ మీద కాగితం కప్పి, తెలుగు పేజీలో పేర్ల కింద గీతలు గీయించండి. “ఏ నది? ఏ జిల్లా?” అని అడగాల్సిన అవసరం లేని మాటలే పేర్లు. ఆ తర్వాత కాగితం తీసి, గీత గీసిన ప్రతి పేరుకూ కాపిటల్ ఉందో లేదో సరిచూసుకోమనండి. వాక్యం మొదటి మాటల్ని లెక్కలోంచి తీసేయమని ముందే చెప్పండి, లేకపోతే మళ్లీ మొదటికొస్తారు.